ఫిల్తీ లూకర్ అంటే మురికి డబ్బు కాదు

ప్రశ్న: నేను రెవెన్యూ శాఖలో 34 ఏళ్లు పనిచేసి, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరై, ప్రస్తుతం భీమవరంలో ఉంటున్నాను. మా అబ్బాయి ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. పోయిన నెల బోనస్ ఇచ్చిన రోజున వాళ్ల మేనేజరు అందరి ముందూ నవ్వుతూ, "నీ ఫిల్తీ లూకర్ అకౌంటులో పడింది, చూసుకో" అన్నాడట. వాడు ఫోనులో మాటవరసకు చెప్పాడు గాని, నేను నిఘంటువు తీసి చూస్తే "అక్రమంగా ఆర్జించిన సొమ్ము, నీచమైన లాభం" అని ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ, అడంగల్ నకలు కోసం వచ్చిన రైతు చేత కాఫీ కూడా ఇప్పించుకోనివాణ్ణి. నా కొడుకు కష్టార్జితాన్ని ఒకడు మురికి డబ్బు అంటే ఊరుకోవాలా? పైవాళ్లకు ఫిర్యాదు చేయమని వాడికి చెప్పనా? అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, దీన్ని తెలుగులో ఏమనాలి? దయచేసి వివరంగా రాయగలరు.
— ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: ముందుగా మీకు నిద్ర పట్టే సంగతి చెబుతాను. ఆ మేనేజరు మీ అబ్బాయిని నిందించలేదు. జీతమో బోనసో చేతికి వచ్చిన రోజున, పందెంలో నాలుగు డబ్బులు గెలిచిన రోజున, పాత సైకిలు అమ్మి పదో పరకో తెచ్చుకున్న రోజున ఇంగ్లీషువాళ్లు సరదాగా ఆ మాట అంటారు. డబ్బు గురించి గంభీరంగా మాట్లాడటం వాళ్లకు కాస్త మొహమాటం కనుక, ఆ మొహమాటాన్ని దాటడానికి పనికొచ్చే హాస్యపు మాటల్లో అదొకటి. అందువల్ల ఫిర్యాదు ఊసు వద్దు. చేస్తే మేనేజరు బిత్తరపోవడం, మీవాడు నవ్వులపాలు కావడం తప్ప మరేమీ జరగదు.

అయితే నిఘంటువు కూడా అబద్ధం చెప్పలేదు. నిఘంటువు చెప్పిన అర్థం ఆ మాట పుట్టినప్పటిది. మేనేజరు వాడిన అర్థం దాదాపు 500 ఏళ్ల వాడుకలో అరిగిపోయి మిగిలినది. ఈ రెండింటి నడుమ జరిగిన ప్రయాణం తెలిస్తే, తెలుగులో ఏమనాలన్న మీ ఆఖరి ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

లూకర్ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని 'లుక్రుమ్'. దానికి లాభం, గిట్టుబాటు అని తప్ప చెడ్డ అర్థమేమీ లేదు. మనవాళ్లు కూడా "ఆ వ్యాపారం చాలా లూక్రటివ్ అండీ" అంటూ ఉంటారు చూడండి, ఆ మాట దీని తోబుట్టువే. ఒక తల్లి కడుపున పుట్టి ఒకటి గౌరవంగా బతుకుతుంటే, రెండోది అపకీర్తి పాలైంది. ఆ అపకీర్తి తెచ్చిపెట్టినది ముందు చేరిన 'ఫిల్తీ' అనే విశేషణం. అది చేరింది బైబిలు అనువాదంలో.

బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధనలో, తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు పేరిట ఉన్న లేఖల్లో ఒకటి తీతుకు రాసినది. క్రేతు ద్వీపంలో కొత్తగా ఏర్పడిన సంఘాలకు పెద్దలను నియమించే పని మీద తీతు అక్కడ ఉన్నాడు. ఎలాంటివాణ్ణి పెద్దగా పెట్టకూడదో పౌలు అతనికి ఒక జాబితా ఇస్తాడు. స్వేచ్ఛాపరుడు, ముక్కోపి, మద్యపాని, చెయ్యి చేసుకునేవాడు పనికిరారంటూ, ఆ వరుసలోనే చివరగా మరొకణ్ణి చేర్చాడు. అతణ్ణి గ్రీకు మూలంలో రెండు మాటలు కలిపిన ఒక సమాసంతో చెప్పారు: 'ఐస్క్రోస్' అంటే సిగ్గుచేటైనది, 'కెర్డోస్' అంటే లాభం. అంటే సిగ్గుమాలిన లాభానికి ఆశపడేవాడన్నమాట. నాలుగు వాక్యాల తరువాత, చెప్పకూడని బోధలు చెప్పి కుటుంబాలకు కుటుంబాలనే పాడుచేస్తున్న బోధకుల ప్రస్తావన వస్తుంది. వాళ్లు అలా చేసేది కూడా ఈ లాభం కోసమేనంటాడు. తిమోతికి రాసిన మొదటి లేఖలోనూ, పేతురు మొదటి లేఖలోనూ ఇదే మాట ఉంది. పేతురు లేఖలో సందర్భం మరీ స్పష్టం: మందను కాసే పనిని సంపాదనకు ఆశపడి కాకుండా మనస్ఫూర్తిగా చేయమని సంఘపెద్దలకు చెబుతున్నాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. మొదటిది, మూలంలో ఎక్కడా మురికి లేదు, సిగ్గు ఉంది. లాటిన్ అనువాదంలోని 'తుర్పే లుక్రుమ్' కూడా అంతే. 'తుర్పే' అంటే వికారమైనది, సిగ్గుచేటైనది. రెండోది, ఆ మాట మొదట తగిలింది లంచగొండి ఉద్యోగికి కాదు, దొంగకూ కాదు. బోధ పేరు చెప్పి, దేవుడి పేరు చెప్పి చెయ్యి చాచేవాడికి. దొంగస్వాముల మీద మనకున్న ఏవగింపు ఎలాంటిదో ఆ మాటలో ఉన్నది అలాంటి ఏవగింపే. పనిచేసి కూలి పుచ్చుకోవడాన్ని పౌలు ఎక్కడా తప్పు పట్టలేదు. ఫిల్తీ లూకర్ ప్రస్తావన ఉన్న తిమోతి లేఖలోనే, రెండు అధ్యాయాల తరువాత, "పనివాడు తన జీతమునకు పాత్రుడు" అని ఉంది. మీ అబ్బాయికి ఈ వాక్యం చదివి వినిపించండి.

ఇక ఇంగ్లీషులోకి ఇది ఎలా వచ్చిందన్నది ఆసక్తికరమైన కథ. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు మతసంస్కర్త విక్లిఫ్ అనుచరులు లాటిన్ నుంచి చేసిన అనువాదంలో తీతు లేఖ దగ్గర 'ఫౌల్ విన్నింగ్' అని ఉంది, అంటే చెడ్డ సంపాదన అని. అది నిలబడలేదు. నిలబడిన మాటను ఇచ్చినవాడు విలియం టిండేల్. గ్రీకు మూలం నుంచి నేరుగా ఇంగ్లీషులోకి కొత్త నిబంధనను తెచ్చి, 1526లో జర్మనీలోని వోర్మ్స్ పట్టణంలో అచ్చు వేయించాడు. సొంత దేశంలో అచ్చు వేసుకోవడానికి వీలు లేదు, ఎందుకంటే బిషప్పుల అనుమతి లేకుండా బైబిలును ఇంగ్లీషులోకి మార్చడం అప్పట్లో అక్కడ నిషిద్ధం. అందుకని ఆ ప్రతులు బట్టల బేళ్లలో దాగి ఓడల మీద ఇంగ్లండు చేరాయి. తరువాత 1611లో రాజు జేమ్స్ పేరిట వెలువడిన అనువాదం కొత్త నిబంధనలో చాలా భాగం టిండేల్ మాటలనే నిలుపుకుంది. అందులో ఫిల్తీ లూకర్ 5 చోట్ల కనిపిస్తుంది. మూడు శతాబ్దాలకు పైగా ప్రతి ఇంగ్లీషు గుడిలోనూ, బడిలోనూ వినిపించిన గ్రంథం అది. కాబట్టి బైబిలు తెరవనివాడి నోట కూడా ఆ మాట ఆడటంలో వింత లేదు.

టిండేల్ కాలంలో 'ఫిల్తీ' అనే మాటకు ఒంటికి అంటే మురికితో పాటు నైతికంగా నీచమైనది అన్న అర్థం కూడా బలంగా ఉండేది. ఆయన ఉద్దేశించినది ఆ రెండో అర్థం. కాలక్రమంలో మొదటి అర్థమే జనం చెవికి ముందుగా తగలడం మొదలై, సిగ్గు వెనక్కి పోయి, మురికి ముందుకు వచ్చింది.

ఆ అనువాదకుడి జీవితంలోనూ డబ్బు రెండుసార్లు విచిత్రంగా అడ్డు వచ్చింది. విషయం నుంచి కొంచెం పక్కకు జరిగినా చెప్పకుండా ఉండలేను. లండన్ బిషప్ టన్‌స్టల్, టిండేల్ పుస్తకాలను తగలబెట్టించాలన్న పట్టుదలతో, నేటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ఒక వర్తకుడి ద్వారా ఆ ప్రతులన్నీ డబ్బిచ్చి కొనిపించాడని ఆనాటి చరిత్రకారుడు ఎడ్వర్డ్ హాల్ రాశాడు. ఆ వర్తకుడు టిండేల్‌కు మిత్రుడు. బిషప్పుకు పుస్తకాలు దక్కాయి, వర్తకుడికి మెప్పు దక్కింది, టిండేల్‌కు డబ్బు దక్కింది. ఆ డబ్బుతో అప్పులు తీర్చుకుని, తప్పులు దిద్దుకుని, మరిన్ని ప్రతులు వేయించాడట. రెండోది విషాదం. తండ్రి ఇచ్చిన సొమ్మును జూదంలో పోగొట్టుకుని దిక్కుతోచక తిరుగుతున్న హెన్రీ ఫిలిప్స్ అనే యువకుడు టిండేల్‌తో స్నేహం నటించి, 1535లో ఆంట్‌వెర్ప్‌లోని ఒక ఇరుకు సందులో ఆయనను భటులకు పట్టించాడు. మరుసటి ఏడాది బ్రసెల్స్ దగ్గరి విల్‌ఫోర్డ్‌లో ఆయనను గొంతు బిగించి చంపి, ఆ తరువాత దహనం చేశారు. సిగ్గుమాలిన లాభానికి ఇంగ్లీషులో పేరు పెట్టిన మనిషి, అలాంటి లాభానికే అమ్ముడుపోయాడు.

మీరు రెవెన్యూ ఉద్యోగం చేసినవారు కనుక మీకు నచ్చే సంగతి ఒకటి ఇదే గ్రంథంలో ఉంది. పాత నిబంధనలో సమూయేలు అనే ప్రవక్త ముసలితనంలో తన ఇద్దరు కొడుకులను న్యాయాధిపతులుగా నియమిస్తే, వాళ్లు తండ్రి దారిన నడవక డబ్బుకు ఆశపడి, లంచాలు తిని, న్యాయాన్ని తారుమారు చేశారు. జేమ్స్ అనువాదంలో అక్కడ వాడినది ఫిల్తీ లేని ఒట్టి లూకర్. ప్రజలు ఆ కొడుకుల పాలన భరించలేక మాకొక రాజు కావాలని అడిగారు. ఇద్దరు అధికారుల చేతివాటం ఒక దేశపు పరిపాలన పద్ధతినే మార్చేసిందంటే, లంచం చరిత్ర ఎంత పాతదో చూడండి.

తెలుగు బైబిలు అనువాదకులు ఈ మాటను ఎలా అందుకున్నారో చూస్తే నాకు ముచ్చట వేస్తుంది. వారు మురికి జోలికి పోలేదు. తీతు, తిమోతి, పేతురు లేఖల్లో 'దుర్లాభము' అన్నారు. దుర్మార్గం, దుర్గుణం, దుర్లాభం. లాభం అన్న అసలు మాట పోలేదు, దాని చెడ్డతనమూ పోలేదు, సమాసం గ్రీకులో ఉన్నంత పొట్టిగానే తెలుగులోనూ ఒదిగింది. ఇంగ్లీషు కంటే మన మాటే మూలానికి దగ్గరగా ఉందని నేను అనుకుంటాను. ఒక్క చిక్కు మాత్రం ఉంది. 'లా'కు దీర్ఘం జారిపోతే అది 'దుర్లభము' అయి కూర్చుంటుంది, అంటే దొరకడం కష్టమైనది. రెండూ 'లభ్' అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవే. అర్థాలు మాత్రం ఉత్తరానికీ దక్షిణానికీ ఉన్నంత దూరం. రాసేటప్పుడు ఆ దీర్ఘాన్ని ఒకసారి చూసుకోండి.

ఈ దుర్లాభం హద్దు ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్నకు క్రైస్తవ సంఘం ఒకప్పుడు లెక్కతో సహా జవాబు చెప్పింది. క్రీస్తు శకం 325లో నైసియా పట్టణంలో జరిగిన మహాసభ చేసిన నియమాల్లో 17వది వడ్డీ గురించి. దురాశకూ, ఆ సిగ్గుమాలిన లాభానికీ లోబడి కొందరు మతాధికారులు 'నూరోవంతు' వడ్డీకి అప్పులిస్తున్నారనీ, ఇకమీదట అలా చేసేవాణ్ణి పదవి నుంచి తొలగించాలనీ ఆ నియమం చెబుతుంది. నూరోవంతు అంటే రోమన్ల లెక్కలో నెలకు నూటికి ఒకటి, ఏడాదికి 12. అచ్చంగా మన "నూటికి రూపాయి వడ్డీ". మన ఊళ్లలో నూటికి రూపాయికి ఎవరైనా అప్పు ఇస్తే ధర్మాత్ముడంటాం. రెండు రూపాయలకు ఇచ్చేవాణ్ణి మామూలు మనిషంటాం. నైసియా పెద్దలు మన ప్రామిసరీ నోట్లు చూస్తే ఏమైపోయేవారో!

డబ్బుకు మురికి అంటుతుందా, అంటదా అన్న తగువు రోములో మరో రకంగా తేలింది. 69 నుంచి 79 వరకు పాలించిన వెస్పాసియన్ చక్రవర్తి, బహిరంగ మూత్రశాలల నుంచి సేకరించే మూత్రం మీద పన్ను వేశాడు. చర్మకారులకూ, చాకలివారికీ ఆ రోజుల్లో అది ముడిసరుకు. మూత్రంలో పుట్టే అమ్మోనియాతో రోమన్లు బట్టలు ఉతికేవారు. ఆ పన్ను అసహ్యంగా ఉందని కొడుకు టైటస్ అంటే, తండ్రి ఆ పన్ను తాలూకు మొదటి వసూళ్లలోని ఒక నాణెం తీసి అతని ముక్కు దగ్గర పెట్టి, "వాసన వస్తోందా?" అని అడిగాడని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. లేదన్నాడు కొడుకు. "అయినా ఇది మూత్రంలోంచి వచ్చిందే" అన్నాడు తండ్రి. డబ్బుకు కంపు ఉండదన్న లాటిన్ సామెతకు మూలం ఈ కథేనంటారు. (పౌలు లేఖ అందుకున్న తీతును కూడా ఇంగ్లీషులో టైటస్ అనే అంటారు. ఇద్దరికీ సంబంధం లేదు. కానీ డబ్బు మురికి గురించి ఇద్దరు టైటస్‌లకు ఇద్దరు పెద్దవాళ్లు చెప్పిన మాటలు ఇంత ఎడమొహం పెడమొహంగా ఉండటం తమాషాగా లేదూ?)

ఇంత బరువైన మాట వేళాకోళంలోకి ఎలా దిగింది? గుడిలో పదేపదే విన్న మాటను బయట నవ్వులాటకు వాడుకోవడం ఏ భాషలోనైనా ఉన్నదే. 19వ శతాబ్దానికే డబ్బుకు అది ముద్దుపేరు అయిపోయింది. బాగా డబ్బున్నవాణ్ణి 'ఫిల్తీ రిచ్' అనడం కూడా ఆ తరువాత స్థిరపడింది. 1978లో విడిపోయిన సెక్స్ పిస్టల్స్ అనే లండన్ సంగీత బృందం 1996లో మళ్లీ కలిసి దేశదేశాలా కచేరీలు చేసినప్పుడు, ఆ యాత్రకు ఫిల్తీ లూకర్ అనే పేరు పెట్టుకుంది. పాత స్నేహం కోసం కాదు, డబ్బు కోసమే వచ్చామని వాళ్లే ముందుగా చెప్పేసి విమర్శకుల నోళ్లు మూయించారు. మీ అబ్బాయి మేనేజరు మాటలో ఉన్నదీ ఈ ధోరణే: మనమంతా డబ్బు కోసమే పనిచేస్తున్నాం, ఒప్పేసుకుందాం అని.

అయితే ఎప్పుడూ వేళాకోళమే అనుకోకూడదు. పత్రిక సంపాదకీయంలోనో, కోర్టు తీర్పులోనో, పార్లమెంటు ప్రసంగంలోనో ఎదుటివాడి సంపాదన గురించి ఆ మాట వస్తే, అది నిఘంటువు చెప్పిన అసలు అర్థంలోనే వచ్చి ఉండవచ్చు. ఎవరన్నారు, ఎవరి డబ్బు గురించి అన్నారు అని చూడండి. తన డబ్బు గురించో, తోటివాడి బోనస్ గురించో ఎదురుగా నవ్వుతూ అంటే సరదా. పరోక్షంలో, నవ్వు లేకుండా అంటే నింద.

దీని చుట్టుపక్కల తిరిగే మరికొన్ని మాటలను దీనితో కలపకండి. 'బ్లాక్ మనీ'ని మనం నల్లధనం అంటాం. అది లెక్కలో చూపని, పన్ను కట్టని డబ్బు. పద్ధతిగా వైద్యం చేసి సంపాదించిన డాక్టరు డబ్బు కూడా లెక్క చూపకపోతే నల్లధనమే అవుతుంది. పన్ను కట్టినంత మాత్రాన సిగ్గుమాలిన లాభం గౌరవమైనదీ కాదు. 'బ్లడ్ మనీ' ఇంకొకటి. యేసును పట్టించినందుకు యూదా పుచ్చుకుని తిరిగి విసిరేసిన 30 వెండి నాణేలను, గుడి కానుక పెట్టెలో వేయడం తగదని యాజకులే అన్నారు. తెలుగు బైబిలు వాటిని 'రక్తక్రయధనము' అంటుంది. కానీ గల్ఫ్ దేశాల కేసుల వార్తల్లో అదే మాట చదివితే, హతుడి కుటుంబానికి చట్టబద్ధంగా చెల్లించే పరిహారమని అర్థం. కరీంనగర్, నిజామాబాద్ వైపు వలస కుటుంబాలకు ఈ రెండో అర్థం చాలా బాధతో తెలిసిన విషయం. అందులో అక్రమార్జన లేదు. అక్రమ డబ్బును సక్రమమైనదిగా చూపించే 'మనీ లాండరింగ్' మాత్రం మన మాటకు దగ్గర చుట్టం, లాండరింగ్ అంటే బట్టలు ఉతకడం: డబ్బుకు మురికి ఉందనుకున్నాక, ఉతకడం అన్న ఊహ సహజంగానే వస్తుంది. అమెరికాలో 1970ల నాటి వాటర్‌గేట్ కుంభకోణం వార్తలతో ఆ మాట పత్రికల్లో వ్యాపించింది. షికాగో ముఠానాయకుడు అల్ కపోన్ బట్టలుతికే దుకాణాల నుంచి ఆ పేరు వచ్చిందని చెప్పుకునే కథ రుచిగా ఉంటుంది గాని నమ్మదగినది కాదు. 1931లో ఆయనకు శిక్ష పడింది ఆదాయపు పన్ను ఎగవేతకు. మన దేశంలో మనీ లాండరింగ్‌ను అరికట్టడానికి 2002లో చట్టం చేస్తే, అది 2005 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఇక తెలుగులో ఏమనాలి? 'మురికి డబ్బు' అని మాత్రం అనకండి. ఈ సలహా అనుభవం మీద చెబుతున్నది. చాలా ఏళ్ల కిందట ఒక దినపత్రికలో కొత్తగా చేరిన రోజుల్లో, రాత్రి డ్యూటీ హడావిడిలో ఒక విదేశీ వార్తను అనువదిస్తూ, ఫలానా నాయకుడు "మురికి నోట్ల కోసం" పార్టీ మారాడని రాసి పంపేశాను. మర్నాడు పొద్దున ఒక పెద్దాయన ఆఫీసుకు ఫోను చేసి, అలాంటి నోట్లు తన దగ్గర కూడా ఒక కట్ట ఉందనీ, ఏ బ్యాంకులో మార్చుకుంటున్నారో కనుక్కుని చెప్పమనీ మర్యాదగా అడిగారు. తెలుగువాడికి మురికి నోటు అంటే చెమటకు మాసి, మడతల దగ్గర చిరిగి, కిరాణా కొట్టువాడు తీసుకోనని వెనక్కి నెట్టే నోటు. అందులో నీతి ప్రసక్తి లేదు.

తప్పుడు సంపాదన గురించి గట్టిగా చెప్పాల్సి వస్తే గ్రాంథికంలో దుర్లాభం, రాతలో అక్రమార్జన, మాటల్లో పాపపు సొమ్ము ఉన్నాయి. డబ్బు మీద కాకుండా డబ్బుకు దిగజారిన మనిషి మీద దృష్టి ఉంటే, "కాసులకు కక్కుర్తి పడ్డాడు" అనీ, "డబ్బుకు గడ్డి తిన్నాడు" అనీ అంటాం. నన్నడిగితే, పౌలు జాబితాలోని ఆ ఐదో మనిషికి 'కక్కుర్తి మనిషి' కంటే సరైన తెలుగు లేదు. గ్రీకులో ఉన్న సిగ్గు ఆ కక్కుర్తిలో పూర్తిగా ఉంది.

ఇక్కడ ఒక వైపరీత్యం మీరు నాకంటే బాగా ఎరుగుదురు. ఇంగ్లీషువాడు న్యాయమైన జీతాన్ని వేళాకోళానికి మురికి అంటుంటే, మన ఆఫీసుల్లో అన్యాయమైన డబ్బుకు అన్నీ శుభ్రమైన పేర్లే: కాఫీ ఖర్చులు, చేయి తడపడం, పై సంపాదన, అన్నిటికీ మించి 'మామూలు'. ఆ మాట అరబ్బీ నుంచి వచ్చింది, ఆనవాయితీగా జరిగేది అని దాని అర్థం. లంచానికి ఆనవాయితీ అని పేరు పెట్టేశాక, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ కూడా సిగ్గుపడే పని తప్పిపోయింది. మామూలు పుచ్చుకోనివాడు కాస్తా మామూలు మనిషి కాకుండా పోయాడు. 34 ఏళ్లు మీరు ఎన్ని చూపులు భరించి ఉంటారో ఊహించగలను. మేనేజరు మాట మీకు అంత లోతుగా గుచ్చుకోవడానికి కారణం కూడా అదే అయి ఉంటుంది.

మేనేజరు వేళాకోళానికి సరితూగే తెలుగు కోసం నేను రెండు రోజులు ఆలోచించాను. చివరకు మా ఇంట్లోనే దొరికింది. మా అమ్మ పింఛను తెచ్చుకున్న ప్రతి నెలా, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి బీరువాలో పెడుతూ, "ఈ పాపిష్టి డబ్బు కోసం ఆ ఎండలో అంతసేపు నిలబడాల్సి వచ్చింది" అంటుంది. ఆ డబ్బులో పాపం ఏమీ లేదని అమ్మకూ తెలుసు, మాకూ తెలుసు. పాపిష్ఠ అనేది సంస్కృతంలో శ్రేష్ఠ, కనిష్ఠల వంటి రూపం, అందరికంటే ఎక్కువ పాపం కలది అని అర్థం. అంత ఘోరమైన మాట మన ఇళ్లలో పింఛను డబ్బు మీదా, పాలు తాగేసిన పిల్లి మీదా ప్రయోగించే చిన్న తిట్టుగా మెత్తబడిపోయింది. ఫిల్తీ లూకర్ నడిచిన దారి కూడా అచ్చం ఇదే. కాబట్టి మేనేజరు అన్నది తెలుగులో ఇలా ఉంటుంది: "నీ పాపిష్టి సొమ్ము పడిందయ్యా, చూసుకో." ఈ వాక్యం భీమవరంలో మీ స్నేహితుడు మీ పింఛను గురించి అంటే మీరు నవ్వి ఊరుకునేవారు కదా.

మీ అబ్బాయి నవ్వి ఊరుకోనక్కర లేకుండా, బదులు చెప్పడానికి ఆ ఊరి సామెతే ఒకటి ఉంది. లీడ్స్ ఉన్నది యార్క్‌షైర్ ప్రాంతంలో. ఉన్ని మిల్లుల పొగలో, మసిలో సంపాదించిన ఆ ప్రాంతంవాళ్లు డబ్బును 'బ్రాస్' అంటారు, అంటే ఇత్తడి. "వేర్ దేర్ ఈజ్ మక్, దేర్ ఈజ్ బ్రాస్" అన్నది వాళ్ల సామెత. పెంట, బురద ఉన్నచోటే పైసలుంటాయని దాని భావం. చేపల చెరువుల మధ్య ఉన్న మీకు దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదనుకుంటాను. వచ్చే ఏడాది బోనస్ రోజున ఆ మేనేజరు మళ్లీ ఫిల్తీ లూకర్ అంటే, మీవాణ్ణి ఈ సామెత అనమనండి. 'మక్' అన్న మాటను మాత్రం అక్కడివాళ్లు 'ముక్' అన్నట్టుగా పలుకుతారు. ముందుగా రెండుసార్లు అనుకుని వెళ్లమనండి.